ప్రభావం కనిపించలేదు

సెప్టెంబరు 9

చిట్టితల్లీ,

నేను ఓడ దిగి చేరాను. పెట్టె కూడా చేరింది, కాకపోతే నాకంటే ఆలస్యంగా, ఒక చక్రం ఊడిపోయి. అప్పటిదాకా ఒంటిమీదున్న ఒక్క జతే ఉతుక్కుని, ఆరేసుకుని, మళ్ళీ అదే తొడుక్కున్నాను.

హాస్టల్ గది మన వంటింటికంటే చిన్నది. మంచం, బల్ల, కిటికీ. కిటికీ తీస్తే ఎదురు భవనంలో ఇంకో కిటికీ. ఆ అమ్మాయి పళ్ళు తోముకోవడం నాకు కనిపిస్తుంది, నేను తల దువ్వుకోవడం ఆ అమ్మాయికి కనిపిస్తుంది. ఇంకా పలకరించుకోలేదు. మొదటిరోజు మెట్ల దగ్గర ఒక కుర్రాడు నన్ను ఆపి, "మూడో అంతస్తులో కుళాయి కారుతోందండీ, ఎవరినైనా పంపిస్తారా?" అన్నాడు. హాస్టల్ పనులు చూసేదాన్ని అనుకున్నాడు. మర్నాడు క్లాసులో వచ్చి నా పక్క కుర్చీలోనే కూర్చోవలసి వచ్చింది పాపం. "కుళాయి బాగైందా నాయనా?" అని అడిగాను. పాఠం అయ్యేదాకా తలెత్తలేదు.

చదువు పేరు నీకు నోరు తిరగలేదు కదా, సుస్థిర అంతర్జాతీయ అభివృద్ధి, పేదరిక నిర్మూలన అని. గుర్తింపు కార్డు మీద చోటు చాలక రెండు ముక్కలు చేశారు. పేదరికం పై వరసలో ఉంది, నిర్మూలన కింద పడింది. పదిహేడేళ్ళు ఇటుక బట్టీ బురదలో తిరిగినదాన్ని, ఇప్పుడు పేదరికం అంటే ఏమిటో లైబ్రరీలో పుస్తకం తెచ్చుకుని చదువుతున్నాను. మన సంస్థ డైరెక్టర్ గారి మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "మీ పనిని కాదనడం లేదమ్మా. కానీ చేతిలో ఒక కాగితం ఉండాలి కదా. లేకపోతే రేపు మీ పైన ఎవరో కుర్రాణ్ణి తెచ్చి కూర్చోబెట్టాల్సి వస్తుంది." సంస్థ తరఫున స్కాలర్‌షిప్పుకి సిఫార్సు చేసింది కూడా ఆయనే. మంచాయనే.

బట్టీ దగ్గర కూలితల్లుల పిల్లల గది నీ చేతుల్లో పెట్టి వచ్చాను. ఆయా ఉంది గానీ ఆవిడకి కునుకు ఎక్కువ. మట్టి గుంటలవైపు తలుపుకి పైగడియ తియ్యకు. నువ్వు మంచినీళ్ళకు అటు వెళ్ళి ఇటు వచ్చినా సరే. తినడం మానకు. మీ నాన్న ఫొటో మీద దుమ్ము తుడుస్తూ ఉండు.

ఈ వయసులో పలకాబలపం పట్టిన
మీ అమ్మ

అక్టోబరు 3

అమ్మా,

నీ ఉత్తరం ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో గానీ మూలలన్నీ నలిగిపోయి వచ్చింది. ఫోన్ మాత్రం వద్దు. పోయినసారి పోస్టాఫీసు బూత్‌లో నీ గొంతు వినగానే చెప్పాల్సినవన్నీ మింగేసి "బాగున్నా, బాగున్నా" అని పెట్టేశాను. ఉత్తరంలో అయితే తీరిగ్గా నిన్ను తిట్టొచ్చు.

గది బాగానే నడుస్తోంది. ఆయా పిల్లల్ని జోకొడుతూ తనే ముందు నిద్రపోతుంది. ఆ గురక వింటూ పిల్లలు పడుకుంటారు. లేపితే గురక ఆగుతుంది, గురక ఆగితే పిల్లలు లేస్తారు. అందుకని నేనే కావలి కూర్చుంటున్నాను.

అచ్చులావిడ గుర్తుందా, మూడో వరసలో మట్టి అచ్చుకొట్టి ఇటుకలు పరుస్తుందే. నువ్వు వెళ్ళేనాటికి ఆవిడ చిన్నకూతురు గోడ పట్టుకుని నడిచేది. ఇప్పుడు కిటికీ ఊచలెక్కి అక్కణ్ణుంచి మమ్మల్ని చూసి కేకలు పెడుతోంది. ఉడుత అని పేరు పెట్టేశాం. వాళ్ళమ్మ కూడా అలాగే పిలుస్తోంది. సాయంత్రం ఆవిడ మోచేతులదాకా మట్టితో వస్తుంది. పిల్లకు మట్టి అంటకుండా చేతులు వెనక్కి పెట్టుకుని మెడ వంచుతుంది. ఉడుత ఆ మెడకు వేలాడి ఇంటికి పోతుంది. రోజూ చూసేదే అయినా నేను పని ఆపి చూస్తాను.

ఆవిడ పెద్దకొడుకు చీలమండ మీద మచ్చ ఇన్నాళ్ళూ ఏదో పుండు అనుకున్నాను. కాదట. మన గదికి రాకముందు వాణ్ణి గుడ్డపీలికతో పందిరి గుంజకు కట్టేసి పనికి వెళ్ళేదట. "గుంటలో పడకుండా ఉండాలంటే ఏం చెయ్యను?" అంది మామూలుగా, కూర తరిగే మాట చెప్పినట్టు.

నువ్వు చదువుతున్న పుస్తకాల్లో ఇలాంటివి రాస్తారా? రాయకపోతే నువ్వు చెప్పు.

నీ
కావలిమనిషి

డిసెంబరు 11

చిట్టితల్లీ,

నువ్వు రాసిన పీలిక సంగతి క్లాసులో చెప్పాను. పేదరికం అంటే ఏమిటని ప్రొఫెసరమ్మ అందర్నీ అడిగింది. నా వంతు రాగానే, "బిడ్డను గుంజకు కట్టేసి పనికి వెళ్ళాల్సి రావడం" అన్నాను. ఆవిడ, "అది ఉదాహరణ. నిర్వచనం చెప్పండి" అంది. నాకు రాలేదు. కుళాయి కుర్రాడు లేచి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. వాడిది రాసుకున్నాను.

ఆవిడ చెడ్డదేమీ కాదు. తెల్లగా నెరిసిన జుట్టు, ఎండలోనూ కోటు, మాట మెత్తన. నా పరిశోధనకు మన పిల్లల గదినే తీసుకోమంది. గది ఉన్న మన బట్టీని, గది లేని ఏటవతలి బట్టీని పక్కపక్కన పెట్టి చూడాలి. సంపాదన అడిగితే ఎవరూ నిజం చెప్పరట. అందుకని ఇంట్లో సామాను అడగాలి. మంచం ఉందా, గిన్నెలెన్ని, ఎందరికి చెప్పులున్నాయి, రోజుకు ఎన్నిపూటలు పొయ్యి వెలిగింది, ఇలాంటివి.

ప్రశ్నల కాగితాలు ఈ పార్సిల్లో పెట్టాను. మన బట్టీలో నువ్వు తిరుగు. అవతలి బట్టీకి ఆఫీసు గుమాస్తా వెళ్తాడు, డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు. అన్నీ కలిపి నాకు పంపించు. ఒక్క మాట. ఈ పరిశోధన మీదే మన గది భవిష్యత్తు ఆధారపడి ఉంది. సారాంశం డైరెక్టర్ గారికీ, ఆయనకు డబ్బిచ్చేవాళ్ళకీ వెళ్తుంది. అందుకని చాలా జాగ్రత్తగా చెయ్యాలి. నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ చలి ఎముకల్లోకి దిగుతోంది. ఎదురు కిటికీ అమ్మాయి నిన్న చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

అమ్మ

ఫిబ్రవరి 20

అమ్మా,

పని పూర్తయింది. కాగితాలన్నీ కట్టగట్టి, పోస్టాఫీసులో బరువు తూయించి, రిజిస్టర్ చేసి పంపించాను. గుమాస్తాగారివి కూడా అందులోనే ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే జాగ్రత్తగా చేశాను, బెంగపెట్టుకోకు. చాలా ముచ్చట్లున్నాయి గానీ గీతలు కొట్టీ కొట్టీ వేళ్ళు కొంకర్లు పోయాయి. తీరిగ్గా రాస్తాను. చదివి పడీపడీ నవ్వుతావు.

ఉడుతకి మాటలొచ్చాయి. మొదటి మాట "వద్దు".

నీ కూతురు

ఏప్రిల్ 6

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేయడం ఇది మొదటిసారి కాదు. కానీ నీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను?

లెక్కలు తేలాయి. మన గది ఉన్న బట్టీలో ఇళ్ళు, అవతలి బట్టీ ఇళ్ళకంటే ఏ విషయంలోనూ మెరుగ్గా లేవు. చెప్పులు, గిన్నెలు, దుప్పట్లు, పొయ్యి వెలిగిన పూటలు, ఏది తీసుకున్నా మనవాళ్ళే వెనకబడ్డారు. నేనెక్కడో లెక్క తప్పానేమోనని మొదటినుంచీ మళ్ళీ చేశాను. అదే వచ్చింది.

ప్రొఫెసరమ్మ దగ్గరికి పరిగెత్తాను. "ఇది నిజం కాదండీ, ఆ ఇళ్ళల్లో కూర్చుని టీ తాగినదాన్ని నేను" అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, "పనిని ప్రేమించినవాళ్ళకి పని సరిగ్గా కనిపించదు. కొలిచేది అందుకే" అంది. తిట్టినా బాగుండేది. ఆలోచించిన కొద్దీ ఆవిడ మాటే నిజమనిపించింది. మీ నాన్న పోయిన ఏడాది కూడా నేను సెలవు పెట్టలేదు. నీకు జ్వరమొస్తే నిన్ను ఆయా ఒళ్ళో పడేసి, ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడిచాను. అదంతా ఎవరికి పనికొచ్చింది? నాకు పనికొచ్చింది, అంతే. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు మంచిదాన్ని అనుకోవడానికి.

మొన్న అందరి ముందూ చదివి వినిపించాల్సి వచ్చింది. చివరి వాక్యం ఇది: "కుటుంబాల పేదరికంపై పిల్లల కేంద్రం ప్రభావం కనిపించలేదు." కూర్చోబోతుంటే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తన జీవితమంతా చేసిన పనిని తానే కాదనడానికి ఎంత గుండె కావాలో అన్నారు. నిజం చెప్పనా, ఆ చప్పట్లు నాకు హాయిగా అనిపించాయి. తర్వాత గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

సారాంశం డైరెక్టర్ గారికి వెళ్ళిపోయింది. గది తీసేయమని నేనెక్కడా రాయలేదు. పద్ధతి మార్చాలని రాశాను.

నిన్ను ఆ పనిలోకి దింపి వచ్చినందుకు నామీద నాకే కోపంగా ఉంది. నువ్వైనా వేరే ఏదైనా చదువుకో తల్లీ.

అమ్మ

ఏప్రిల్ 10

అమ్మా,

సర్వే ముచ్చట్లు బాకీ ఉన్నాను కదా, ఇదిగో.

ప్రశ్నల కాగితాలతో వచ్చిన నీ ఉత్తరం చదవగానే నాకు సంగతి అర్థమైపోయింది. జాగ్రత్తగా చెయ్యమన్నావు, వేరే చెప్పక్కర్లేదన్నావు. సరే అని ముందురోజే తల్లులందర్నీ గదిలో కూర్చోబెట్టాను. "రేపు మీ ఇంట్లో సామాను రాసుకోవడానికి వస్తా. ఉన్నదంతా వరసగా పేర్చి చూపించారనుకోండి, వీళ్ళకేం లోటు, ఇక గదెందుకు అంటారు. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాను. అంతే! తెల్లారేసరికి బట్టీలో ఒక్క కొత్త గిన్నె కనబడితే ఒట్టు.

లారీ మేస్త్రీ భార్య మంచాన్ని ఇటుకల వరస వెనక నిలబెట్టేసింది. అచ్చులావిడ పోయినేడు కొనుక్కున్న చెప్పులు విప్పి ఆయా సంచీలో కుక్కింది. అన్నిటికంటే బూడిదెత్తే ఆవిడది చెప్పాలి. రేడియోని దుప్పట్లో చుట్టి మూలన పెట్టి, "మా ఇంట్లో ఏముందమ్మా, నాలుగు గోడలు తప్ప" అని మొహం వేలాడేసుకుని చెబుతోంది. చెబుతుండగానే దుప్పట్లోంచి వార్తలు మొదలయ్యాయి! కట్టెయ్యడం మర్చిపోయిందట. చటుక్కున వెళ్ళి దుప్పటి మీద కూర్చుని దగ్గడం మొదలుపెట్టింది. వార్తలు చదివేవాడు ఆగడు, ఈవిడ దగ్గు ఆపదు. నేను బయటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వి, మళ్ళీ లోపలికెళ్ళి "రేడియో: లేదు" అని గీత కొట్టాను.

అవతలి బట్టీవాళ్ళు మాత్రం గుమాస్తాగారికి ఉన్నదంతా చూపించారట, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న పళ్ళెంతో సహా. వాళ్ళకెవరు చెబుతారు పాపం.

మనవాళ్ళెంత అధ్వాన్నంగా ఉన్నారో చూశాక డైరెక్టర్ గారు గది సంగతి ఎత్తరు. ఇంకో ఆయాని కూడా ఇస్తారేమో చూడు. నాకైతే నీతో కలిసి ఏదో పెద్ద పని చేసినట్టుంది.

నీ
కుడిభుజం

మే 2

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. రేడియో దగ్గరికొచ్చేసరికి మొహం కప్పుకుని అక్కడే కూర్చుండిపోయాను. దారిన పోయేవాళ్ళు నవ్వుతున్నాననుకున్నారు.

నిన్నెవరు చెప్పమన్నారు? జాగ్రత్త అంటే ఉన్నది ఉన్నట్టు రాయమని. నేనేమన్నా సైగ చేశానా నీకు? ఇరవై రెండేళ్ళొచ్చాయి, ఆ మాత్రం తెలియదా? నేను ఒక్కొక్క గీతా కూడుకుని, నా పదిహేడేళ్ళూ గంగలో కలిశాయని ఏడ్చాను. నువ్వేమో అక్కడ కడుపు పట్టుకుని నవ్వుతున్నావు.

ప్రొఫెసరమ్మకి చెప్పాను. రెండే దారులంది. సర్వే మళ్ళీ మొదలుపెడితే ఇంకో ఏడాది పడుతుంది. నా స్కాలర్‌షిప్పు జూన్‌తో సరి. లేదంటే ఉన్నదానికే చివర ఒక గమనిక చేర్చాలి, సమాధానాలు పూర్తిగా నమ్మదగినవి కాకపోవచ్చని. గమనికే చేర్చాను. డిగ్రీ లేకుండా వచ్చి మళ్ళీ డైరెక్టర్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడలేను.

డైరెక్టర్ గారికి విడిగా అంతా వివరించి రాశాను. ఆయన అర్థం చేసుకుంటారు. నువ్వు మాత్రం ఆఫీసువాళ్ళెవరితోనూ నోరు విప్పకు. తల్లులు అబద్ధం చెప్పారని, చెప్పించింది నువ్వేనని బయటపడితే అసలుకే మోసం వస్తుంది. నేను చూసుకుంటాను.

అమ్మ

జూన్ 4

అమ్మా,

గది మూసేశారు.

డైరెక్టర్ గారు జీపులో వచ్చారు. చేతిలో నీ సారాంశం. కూర్చోమంటే పిల్లల చాప మీదే కూర్చున్నారు. "మీ అమ్మగారు చాలా నిజాయితీగా రాశారమ్మా. ఇంకెవరైనా అయితే తమ పని గురించి ఇలా రాసేవాళ్ళు కాదు" అన్నారు.

"ఆవిడ మీకు ఉత్తరం కూడా రాశారు సార్" అన్నాను.

"వచ్చే ఉంటుంది. నేను ఊళ్ళు తిరిగి నిన్ననే వచ్చాను. కానీ డబ్బిచ్చేవాళ్ళు పోయిన నెలలోనే నిర్ణయం చేసేశారు. ఆ సొమ్ము కుట్టుమిషన్ల పథకానికి వెళ్ళిపోయింది."

"చివర్లో గమనిక ఉంది, చూశారా?"

"వాళ్ళు చదివేది మొదటి పేజీయేనమ్మా" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కనబడ్డాయి నాకు. అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వు చెప్పొద్దన్నావు. నువ్వు చూసుకుంటానన్నావు. నోరు మూసుకున్నాను.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయా పిల్లల తువ్వాళ్ళు మడతపెడుతూనే ఉంది. జీపు వెళ్ళాక కూడా ఆపలేదు.

కొన్నాళ్ళు పిల్లల్ని మన ఇంట్లోనే పెట్టుకున్నాను. ఇల్లుగలావిడ పైనుంచి దిగొచ్చి, "ఇది కొంపా, సంతా? ఈ గోలకి మా ఆయనకి బీపీ పెరుగుతోంది. పిల్లలన్నా ఉండాలి, నువ్వన్నా ఉండాలి" అంది. రెండుసార్లు బతిమాలాను. మూడోసారి మన వంట సామాను తీసి వసారాలో పెట్టింది. కోల్డ్ స్టోరేజీలో ప్యాకింగ్ పనికి మనుషులు కావాలంటే వెళ్ళి చేరాను. పొద్దుటనుంచీ సాయంత్రందాకా అట్టపెట్టెలు అతికిస్తాను. చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి, అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి.

నేను అబద్ధం చెప్పించింది గది నిలబడాలని. నువ్వు నిజం రాసింది ఎందుకో నువ్వే ఆలోచించు.

నీ కూతురు

జూన్ 28

చిట్టితల్లీ,

నీ చివరి మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే. జవాబు చెప్పను, చేసి చూపిస్తాను.

డిగ్రీ వచ్చింది. పరిశోధనకి మొదటి శ్రేణి ఇచ్చారు. ప్రొఫెసరమ్మ తన దగ్గరే కొన్ని నెలల ఉద్యోగం ఇస్తానంది. ఇలాంటి పథకాలు పనిచేస్తున్నాయా లేదా అని కొలిచే పని. వద్దనే అనుకున్నాను. కానీ ఆ జీతంతో మనమే ఒక గది అద్దెకు తీసుకుని, ఎవరి దయా లేకుండా పిల్లల్ని చూసుకోవచ్చు. ఎవరి సారాంశాలూ అక్కర్లేదు. అక్టోబరుకల్లా వచ్చేస్తాను. అప్పటిదాకా ఎలాగోలా సర్దుకోమని తల్లులకి చెప్పు. వాళ్ళు నా మాట వింటారు.

నీకు చేతి తొడుగులు పంపిస్తున్నాను, ఉన్నివి. కోల్డ్ స్టోరేజీలో వేసుకో.

అమ్మ

జూలై 15

అమ్మా,

తొడుగులు అందాయి. డిగ్రీ వచ్చినందుకు సంతోషం.

నువ్వు చెప్పమన్న మాట తల్లులకి చెప్పలేదు. నీ ఉత్తరం రాకముందే ఉడుత చచ్చిపోయింది.

ఈసారి వానలు ఆలస్యమయ్యాయి. వానలు పడేలోపు ఇంకో విడత ఇటుకలు తీసేయాలని బట్టీ యజమాని తొందరపెట్టాడు. అచ్చులావిడ పిల్లను పందిరి గుంజకు కట్టేసి పని చేసుకుంటోంది. పీలిక తడిసి జారిందో, తనే విప్పుకుందో ఎవరికీ తెలియదు. మట్టి నానబెట్టే గుంటలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. తీసేటప్పటికి కాలికి పీలిక అలాగే ఉంది.

ఆయా వచ్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడింది. మేనేజరు నన్ను వదిలేసరికి సాయంత్రమైంది. నేను వెళ్ళేసరికి అచ్చులావిడ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మోచేతులదాకా మట్టి. కడుక్కోమని ఎవరో నీళ్ళు తెచ్చిపెట్టారు, అలాగే ఉన్నాయి. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

"మేం చెప్పులు దాచినందుకే గది తీసేశారా?"

కాదన్నాను. వెంటనే అనలేకపోయాను. కాస్త ఆగాను. ఆ కాస్తలో ఆవిడకి తెలిసిపోయింది. అది ఆవిడ తప్పనుకుంటోందమ్మా. చెప్పులు దాచడం తన తప్పనుకుంటోంది. దాచమన్నది నేను. లెక్కగట్టింది నువ్వు. పిల్లను పోగొట్టుకున్నది ఆవిడ, తప్పు కూడా ఆవిడే మోస్తోంది. నేను వెళ్ళి మళ్ళీ మళ్ళీ చెప్పాను, నీది కాదు, మాది అని. వినిపించుకోలేదు.

నేను ఈ ఊళ్ళో ఉండలేను. కంపెనీవాళ్ళకి రేవు దగ్గర ఇంకో స్టోరేజీ ఉంది, అక్కడికి పంపమని అడిగాను. వెనక అడ్రసు రాశాను. జవాబు వస్తుందని మాత్రం ఎదురుచూడకు. నాన్న ఫొటో ఆయా దగ్గర పెట్టాను.

నవంబరు 17

చిట్టితల్లీ,

ఆగస్టులో రాసినవీ, ఆ తర్వాత రాసినవీ నీకు అందాయో లేదో. అందే ఉంటాయి. చదవకపోయినా ఫరవాలేదు, తిరిగి రాలేదు కాబట్టి అడ్రసు సరైనదేనని తెలుస్తోంది. నాకు అదే చాలు.

ప్రొఫెసరమ్మ ఉద్యోగంలో చేరలేదని రాశాను కదా. నేను వచ్చేసరికి బట్టీ వానలకు మూసి ఉంది. ఇప్పుడు మళ్ళీ పనులు మొదలయ్యాయి. డైరెక్టర్ గారు కబురుపెట్టి, చేతిలో ఇప్పుడు కాగితం ఉంది కాబట్టి పెద్ద పదవే ఇస్తానన్నారు. అది లెక్కలు తీసే విభాగం. దండం పెట్టి వచ్చేశాను. ఆయన గుమ్మందాకా వచ్చి సాగనంపారు.

గుంట చుట్టూ యజమాని తాడు కట్టించాడట. కట్టిన వారానికే ఎవరో బట్టలారేసుకోవడానికి విప్పుకుపోయారు. మళ్ళీ కట్టలేదు. పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డు అద్దెకు అడిగితే, పీడ వదిలినట్టు ఇచ్చేశాడు. ఊడ్చి, అలికి, చాపలు పరిచాను. ఆయా కొన్నాళ్ళు వచ్చింది. తర్వాత మోకాళ్ళు నొప్పులంది. మోకాళ్ళ నొప్పులు కాదని ఇద్దరికీ తెలుసు.

అచ్చులావిడ దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో ఓడలో వస్తున్నన్నాళ్ళూ అనుకుంటూనే వచ్చాను. ఆవిడ వంగి అచ్చు కొడుతోంది. తలెత్తలేదు. నేను పచ్చి ఇటుకల పక్కన అలాగే నిలబడి ఉండిపోయాను. చాలాసేపటికి, "కాస్త పక్కకి జరుగమ్మా. నీ నీడ పడి ఇటుకలు ఆరడం లేదు" అంది. కోపంగా కాదు. దారికడ్డంగా ఎవరు నిలబడ్డా అలాగే చెప్పేది. జరిగాను.

రోజూ పొద్దున్నే షెడ్డు తలుపు తీసి కూర్చుంటాను. ఎవరూ రారు. పందిళ్ళ కింద గుంజలకు పిల్లలు కనిపిస్తూ ఉంటారు. వెళ్ళి విప్పే హక్కు నాకు లేదు. దూరం నుంచి ఒక్కొక్కరినీ చూస్తూ కూర్చుంటాను, చీకటి పడేదాకా. అది తప్ప నాకు ఇంకో పని చేతకావడం లేదు.

నిన్న బూడిదెత్తే ఆవిడ వచ్చింది. వాళ్ళత్త మంచాన పడిందట, పిల్లాణ్ణి చూసే దిక్కు లేదు. గుమ్మంలోనే వాణ్ణి కింద దించి వెళ్ళిపోయింది. నన్ను మన్నించి కాదు, వేరే గతి లేక. వాడు రోజంతా ఏడ్చాడు. నా చేత్తో నీళ్ళు ముట్టలేదు. గిన్నె పక్కన పెట్టి అటు తిరిగి కూర్చుంటే అప్పుడు తాగాడు.

సాయంత్రం ఆవిడ వచ్చి వాడి ఒళ్ళంతా తడిమి చూసుకుంది. చేతులు, కాళ్ళు, తల. తర్వాత గోడవైపు చూస్తూ, "రేపు ఉంటావా?" అంది.

"ఉంటాను" అన్నాను.

"పరాయి దేశం వెళ్ళేముందు కూడా అదే అన్నావు" అంది. పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది.

అమ్మ